పని లేనివాడికి ఆదివారం లేదా?

ఇస్నాపూర్‌లో ఉద్యోగం పోయిన మనిషికి అన్నిటికంటే ముందు దొరికేది సలహా. “ఖాళీగ కూసోకు, ఏదో ఒకటి పట్టు” అని ఇంటి ఓనర్ అంటాడు, కిరాణం సేటు అంటాడు, ఊరి నుంచి ఫోన్ చేసిన మేనమామ అంటాడు. చదువుకున్నవాళ్లు అదే సంగతి ఇంకో రకంగా చెబుతారు. టైమ్ వేస్ట్ చేయకు, కోర్సు ఏదైనా చెయ్యి, స్కిల్స్ పెంచుకో, పాత కొలీగ్స్ అందరికీ మెసేజ్ పెట్టు. గుడికో చర్చికో పోతే అక్కడా వదలరు. మొక్కుకో, ఉపవాసం ఉండు, నెల తిరగకుండా ఆఫర్ లెటర్ వస్తది అంటారు. ఇన్ని సలహాల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: జీతం రాని రోజుకు తనకంటూ విలువ లేదు, రేపటి జీతానికి పనికొస్తేనే అది లెక్కలోకి వస్తుంది. ఆ రోజు నిద్రపోయినా, ప్రార్థన చేసినా, స్నేహితుడితో చాయ్ తాగినా ఆ లెక్కకే జమ కావాలి.

ఈ నమ్మకం తప్పు. మంచి మనసున్నవాళ్లు కూడా ఇదే చెబుతున్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది: ఈ పారిశ్రామికవాడలో ఇది మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది.

నేను పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుగా ఉండేవాణ్ని. మా బ్లాకు మూసేశారు, బయటికొచ్చాను. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియకుండా గడిచిన కాలంలో ఈ ఊరిని కొత్తగా చూశాను. ఇక్కడ గడియారం అంటే కంపెనీ షిఫ్టే. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఆ వేళల్లో ముత్తంగి నుంచి రుద్రారం దాకా 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా షిఫ్టు బస్సులు ఆగుతాయి, మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు. టిఫిన్ బండి పెట్టేదీ తీసేదీ ఆ వేళలను బట్టే. గది అద్దెకిచ్చేవాళ్లు నీళ్ల మోటారు వేసేదీ ఆ వేళలను బట్టే. “ఏ షిఫ్టన్నా?” అన్నదే ఇక్కడ పలకరింపు. అలాంటి చోట పొద్దున పదింటికి, మెడలో కార్డు లేకుండా, బజారులో నడిచే నడివయసు మగమనిషి అందరి కంట్లోనూ పడతాడు. పలకరింపుకు జవాబు లేదు గనక ఇంకో గల్లీలోంచి పోవడం నేర్చుకుంటాడు. ఏ తప్పూ చేయని మనిషి దొంగలా నడుస్తాడు.

మందుల కంపెనీల వాకిన్ ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆదివారమే పెడతారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రావాలంటే వాళ్లకు సెలవు ఉండేది ఆ రోజే. ఎనిమిదింటికే గేటు బయట లైను కడతారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో మూడు నెలల పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఎమ్మెస్సీ మెమోలు, ఆధార్ జిరాక్సు. ఎండెక్కాక ఆ ఫైలు నెత్తి మీదికి పోతుంది. లోపల మొదటి టేబుల్ దగ్గర కూర్చున్న హెచ్చార్ అమ్మాయి రెజ్యూమెలో ఆఖరి తేదీ వెతికి దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా గీస్తుంది. “గ్యాప్ ఎందుకొచ్చింది సార్?” హెచ్‌పీఎల్‌సీ మీద ఎన్నేళ్లు చేశావు, ఆడిట్‌లో ఏం చూపించావు అన్న అసలు ప్రశ్నలు రెండో టేబుల్ దగ్గర ఉంటాయి. అక్కడిదాకా పోనివ్వకుండా చాలామందిని ఆ సున్నానే ఆపేస్తుంది. నా ముందున్నాయన వాళ్ల నాన్నకు ఆపరేషన్ అయిందని చెప్పాడు. బయటికొచ్చి నీళ్లు తాగుతూ, నాన్న పోయి చాలా ఏళ్లయిందని నాతో అన్నాడు. అలసిపోయాను, కొన్నాళ్లు ఇంట్లో ఉన్నాను అని చెప్పడం కంటే చనిపోయిన తండ్రికి ఆపరేషన్ చేయించడం సులువైపోయింది. ఆయన అబద్ధానికి నేను ఆయన్ని తప్పుపట్టను. ఆ ప్రశ్న అడగమని నేర్పినవాళ్లను తప్పుపడతాను.

నేర్పేవాళ్లు పైనుంచే ఉన్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో బయటికొచ్చిన మాటల్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య ముఖాన్ని ఎంతసేపని చూస్తారని అడిగారు. వారానికి 48 గంటలు, ఒకరోజు సెలవు అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసిపెట్టిన దేశంలో ఈ మాటలు అన్నారు. పనిలో ఉన్నవాడి ఆదివారమే వీళ్లకు కంటగింపుగా ఉంటే, పని లేనివాడు హాయిగా ఊపిరి పీల్చుకోవడాన్ని ఎవరు ఓర్చుకుంటారు?

ఆ ఆదివారం ఎలా వచ్చిందో మనవాళ్లు మరిచిపోయారు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులకు సంఘం పెట్టి, వారానికొక రోజు సెలవు కావాలని ఏళ్ల తరబడి అడిగాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆదివారమే ఎందుకంటే, అది ఖండోబా వారం అన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. ఖండోబా మనకు పరాయివాడేమీ కాదు, మన వైపు ఆయన్నే మల్లన్న అంటాం. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం జాతర జరిగేది ఆ మల్లన్నకే. ఇస్నాపూర్ నుంచి కూడా ఏటా బోనాలెత్తుకుని పోయేవాళ్లున్నారు. వాళ్లలో ఎంతమందికి తెలుసు, తమ వారపు సెలవు వెనక తమ దేవుడి పేరు కూడా ఉందని? బాగా పనిచేసినవాడికి బహుమతిగా ఇవ్వండి అని ఆ సెలవును ఎవరూ అడగలేదు. ఆ రోజు దేవుడిది, దానిమీద మిల్లుకు హక్కు లేదు అన్న వాదన కూడా దాన్ని సాధించిపెట్టింది.

మా ఇళ్లలో పెద్దవాళ్లు సోమవారం ఎడ్ల మెడ మీద కాడి పెట్టేవాళ్లు కాదు. తాపీ మేస్త్రీలు చాలామంది ఇప్పటికీ అమావాస్యకు పని ముట్టరు. దుక్కి లేని ఎండాకాలంలో ఎద్దుకు గడ్డి మానేసిన రైతు ఎవరైనా ఉన్నాడా? పని లేని రోజుల్లో ఆ ఎద్దు ఏం నేర్చుకుందని అడిగినవాడున్నాడా? పశువుకు ఇచ్చిన ఆ మాత్రం మర్యాద మనిషికి దక్కడం లేదని నా బాధ.

మాది మెదక్ వైపు ఊరు, మూడు తరాలుగా సీఎస్ఐ క్రైస్తవులం. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ కట్టడం పని చూపించి, దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర వందలమందికి అన్నం పెట్టాడని మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. “చూసినవా, దేవుడి మనుషులు కూడా పనే ఇచ్చిండ్రు, కూసోమనలే” అని నాతో వాదించినవాళ్లున్నారు. నాకు అందులో కనిపించేది ఇంకొకటి. పని లేక వచ్చినవాళ్లను ఆనాడు ఎవరూ గ్యాప్ ఎందుకొచ్చిందని అడగలేదు. కరువును కరువుగానే చూశారు, మనిషి మీద నెట్టలేదు. ఒక కంపెనీ బ్లాకు మూతపడటం, ఎగుమతి ఆర్డరు ఆగిపోవడం, కాంట్రాక్టరు మారిపోవడం ఈ కాలపు కరువులు. వానలు పడకపోతే రైతును నిందించని మనం, ఆర్డర్లు రాకపోతే ఆపరేటర్‌ను మాత్రం “నీలో ఏదో లోపముంది” అంటాం.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో యేసు చెప్పిన కథ ఇస్నాపూర్ అడ్డా మీద నిలబడ్డ ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కూలీలను పిలుచుకుపోతాడు. మళ్లీ మళ్లీ బజారుకొచ్చి కొందరిని తీసుకుపోతాడు. పొద్దుగూకే ముందు, ఇంకో గంటలో పని ముగుస్తుందనగా వచ్చి చూస్తే ఇంకా కొందరు నిలబడి ఉంటారు. ఎందుకు నిలబడ్డారంటే, ఎవరూ పిలవలేదంటారు. వాళ్లనూ తీసుకుపోయి రోజంతా చేసినవాళ్లతో సమానంగా కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచి చేసినవాళ్లు సణుగుతారు. మా ప్రసంగాల్లో ఈ కథను ఎప్పుడూ ఆఖరి ఘడియలో మారుమనసు పొందినవాడికి అన్వయిస్తారు. నేను దాన్ని సూటిగా తీసుకుంటాను. సాయంత్రం దాకా నిలబడ్డవాడి కడుపూ పొద్దున పోయినవాడి కడుపూ ఒకటే. పిలవనిది లోకం, అందులో వాడి తప్పు ఏముంది?

అందుకే విశ్వాసాన్ని ఉద్యోగానికి తాకట్టు పెట్టేవాళ్లతో నాకు పేచీ. హేతువాది వచ్చి “దేవుడు జాబ్ ఇప్పిస్తాడా?” అని అడుగుతాడు. ఇంకో పక్క ప్రార్థన కూటాల్లో మైకు పట్టుకున్న పాస్టరు ఇప్పిస్తాడని చెప్పి, ఫలానా సోదరుడు ఇన్ని రోజులు ఉపవాసం ఉంటే డబుల్ ప్యాకేజీ వచ్చిందని సాక్ష్యం చెప్పిస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తారు గాని, దేవుణ్ని కన్సల్టెన్సీ ఆఫీసుగా చూడటంలో ఇద్దరిదీ ఒకే చూపు. ఆ సాక్ష్యం విన్న రాత్రి, వెనక వరసలో కూర్చున్న పని లేని మనిషికి ఏమవుతుందో వాళ్లు ఆలోచించరు. ఇప్పటికే కంపెనీ వద్దంది, హెచ్చార్ వద్దంది, ఇక దేవుడు కూడా వద్దన్నాడని ఇంటికి పోతాడు. చాలామంది ఆ తర్వాత ప్రార్థనకు రావడమే మానేస్తారు. రావడం అత్యవసరమైన రోజుల్లోనే మానేస్తారు. నాకు ఆ రోజుల్లో విశ్వాసం ఇచ్చినది జాబ్ కాదు, జాబ్ లేని మనిషిగానే ఒకరి ముందు నిలబడే చోటు. నా పేరు పెట్టి పిలిచి, కార్డు నంబరు అడగని చోటు అది ఒక్కటే.

ఇక స్నేహం. కెరీర్ సలహాలిచ్చేవాళ్లు స్నేహితులను కూడా ఫైళ్లలాగే సర్దమంటారు. రిఫరల్ ఇవ్వగలవాడెవడు, హెచ్చార్ తెలిసినవాడెవడు, హోదాలో ఉన్నవాడెవడు చూసుకో, వాళ్లతో టచ్‌లో ఉండు అంటారు. ఆ జాబితాలో నా స్నేహితుడి పేరు ఎప్పటికీ రాదు. ఆయన ప్రొడక్షన్‌లో రియాక్టర్ ఆపరేటర్. నాకంటే పెద్దవాడు, ఐటీఐ చదివాడు, ఎవరికీ రిఫరల్ ఇప్పించే స్థితిలో లేడు. సీ షిఫ్టు దిగి, పొద్దున ఆరున్నరకు ఇంటికి పోయే ముందు చౌరస్తాలో చాయ్ తాగుతాడు. బట్టల్లో సాల్వెంట్ వాసన, రాత్రంతా మేలుకున్న కళ్లు. నన్ను చూస్తే “ఏమాయె జాబ్?” అని ఒక్కసారి కూడా అడగలేదు. “రా తమ్మీ, కూసో” అనేవాడు, రెండో గ్లాసు చెప్పేవాడు, వాళ్ల చిన్నదానికి పాలపళ్లు ఊడుతున్న సంగతి, మేనేజరు కొత్త కారు సంగతి, ఊళ్లో బోరు ఎండిన సంగతి చెప్పేవాడు. ఒక సంకటహర చతుర్థి నాడు షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా “నడువ్, గణేశ్ గడ్డ దాక పోదం” అన్నాడు. నేను చర్చికి పోయేవాణ్నని ఆయనకు తెలుసు. నడవడానికి అది అడ్డమని ఆయనకూ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. లారీల పక్కన, దుమ్ములో, రుద్రారం గుడి దాకా నడిచాం. ఆయన లోపలికి పోయి మొక్కు తీర్చుకునేసరికి నేను ప్రసాదం కోసం కూర్చున్నవాళ్ల మధ్య కూర్చున్నాను. చాలా కాలం తర్వాత, నేను వెతుక్కోవాల్సిన పని ఏదీ గుర్తురాకుండా కూర్చున్నాను. ఆ నెల మా ఇంటికి గ్యాస్ సిలిండర్ తెచ్చి దింపిపోయింది కూడా ఆయనే. నాతో చెప్పలేదు, మా ఆవిడ చెబితే తెలిసింది. నెట్‌వర్క్ లెక్కలో ఈ మనిషి విలువ సున్నా. ఆ లెక్క ఎంత తప్పో చెప్పడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

నా వాదనకు ఎదురుగా ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మారియంథాల్ అనే ఊళ్లో నూలు మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైసెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని పరిశీలించి 1933లో పుస్తకం రాశారు. చేతినిండా సమయం దొరికినవాళ్లు ఎక్కువ చదువుతారనుకుంటాం. అక్కడ గ్రంథాలయం నుంచి తీసుకునే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా నడిచి, మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. పొద్దున ఏం చేశావంటే చెప్పలేకపోయేవాళ్లు. “చూసినవా, కూసుంటే మనిషి కుళ్లిపోతడు” అనేవాళ్లకు ఇంతకంటే ఆధారం దొరకదు.

కాని ఆ ఊరి కథ సరిగ్గా చదవాలి. వాళ్లను విరిచింది తీరిక కాదు. భృతి చాలలేదు, అది కూడా కొన్నాళ్లకు ఆగిపోయేది. చుట్టుపక్కల వెతికినా ఇంకో పని దొరకలేదు. ఊళ్లో సంఘాలు, ఆటలు, వేడుకలు ఒక్కొక్కటిగా చప్పబడిపోయాయి. చేతిలో డబ్బు, రేపటి మీద ఆశ, పక్కన మనుషులు, మూడూ పోయాక మిగిలిన కాలాన్ని విశ్రాంతి అనరు. మనవాళ్ల సలహా సరిగ్గా ఆ మూడో దాన్నే పోగొడుతుంది. ఖాళీగా కనబడటం సిగ్గు అని నేర్పితే మనిషి గల్లీలు మారుస్తాడు, పెళ్లిళ్లకు పోవడం మానేస్తాడు, చాయ్ దగ్గర ఆగడం మానేస్తాడు. గదిలో ఫోన్ ముందు ఒంటరిగా పడి ఉంటాడు. దాన్ని చూసి మళ్లీ మనమే అంటాం, కూర్చుని ఖరాబయ్యాడని.

ఉద్యోగం వెతకొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. బైకు ఈఎంఐ, పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా నాకూ ఉన్నాయి. ఆ భయంతో పరుగెత్తేవాడు ఏ గేటు దగ్గర ఆగుతాడన్నదే నా ప్రశ్న. 2025 జూన్ 30న పాశమైలారంలో, మందుల్లో వాడే సెల్యులోజ్ పొడి తయారుచేసే కర్మాగారంలో పేలుడు జరిగింది. గల్లంతైనవాళ్లతో కలిపి 50 మందికి పైగా పోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. ఆ తర్వాత కూడా ఈ చుట్టుపక్కల కాంట్రాక్టర్లు మనుషులను అదే పద్ధతిలో తీసుకుంటున్నారు, మనుషులు అదే తొందరలో చేరుతున్నారు. సన్నని పొడి గాలిలో లేచే చోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఏ కెమిస్టునైనా అడగండి. కాని రేపే చేరకపోతే ఇంట్లో తల ఎత్తుకోలేనని భయపడే మనిషి ట్రైనింగ్ ఎన్ని రోజులని అడగడు, మాస్కు ఏదని అడగడు, ఎమర్జెన్సీ డోర్ ఎటని అడగడు. రెండు వారాలు ఆగి చూసుకోగలిగిన మనిషి అడుగుతాడు. “ఏదో ఒకటి పట్టు” అనే ప్రతి మనిషీ ఆ “ఏదో ఒకటి” ఏమిటో ఒక్కసారి గేటు దాకా వెళ్లి చూసి రావాలని నా కోరిక.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మారియంథాల్‌లో ఆడవాళ్లు మాత్రం వేగంగానే నడిచేవాళ్లట, ఎందుకంటే మిల్లు మూసినా వాళ్లకు ఇంటి పని మూయలేదు. ఇక్కడా అంతే. ప్యాకింగ్ సెక్షన్‌లో చేసే అమ్మాయి కాన్పుకు మానేస్తే ఆమెకు బ్రేక్ వచ్చిందని ఎవరూ అనరు. “ఇంట్లనే ఉంటది గద” అంటారు, ఆ మాటతో అత్త మందులు, మరిది టిఫిన్ బాక్సు, నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల లైను, అన్నీ ఆమె మీద పడతాయి. పని పోయిన మగవాడి విశ్రాంతి కూడా చాలా ఇళ్లలో ఆమె నడుం మీదే నడుస్తుంది. అలాంటి విశ్రాంతిని నేను సమర్థించను. నేను ఖాళీగా ఉన్న రోజుల్లో పొద్దుటి వంటా, పిల్లలను బడికి దింపడమూ నావి. మా ఆవిడ తన కుట్టు మిషన్ ఆపి మధ్యాహ్నం పడుకున్న రోజు, మా ఇంట్లో ఇద్దరికీ విశ్రాంతి దొరికింది.

పని పోయినవాడికి వ్యవధి ఇచ్చే విషయంలో చట్టం మన ఇరుగుపొరుగు కంటే కాస్త మెరుగ్గా ఉంది. ఈఎస్ఐ కింద 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ప్రకారం, పని పోయిన బీమా కార్మికుడు సగటు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా అడగొచ్చు. జీవితంలో ఒక్కసారికే, షరతులున్నాయి, 21,000 జీతం దాటి ఈఎస్ఐ బయట ఉన్నవాళ్లకు రాదు, కాంట్రాక్టరు చందా కట్టకుండా ఎగ్గొడితే అసలే రాదు. చాలదు, పెంచమని సంఘాలు కొట్లాడాలి. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి: పని పోయిన మనిషికి మూడు నెలలు నిలదొక్కుకునే హక్కుందని ప్రభుత్వ కాగితం ఒప్పుకుంది. మన వీధి మూడు రోజులు కూడా ఒప్పుకోదు.

ఇప్పుడు ఇస్నాపూర్‌లో పొద్దున పదింటికి పని లేని మనిషి కూర్చోవాలంటే ఉన్న చోట్లేవి? బస్ స్టాపు, చాయ్ బండి, వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్. వాటిలో రోజంతా కూర్చోనిచ్చేది ఆఖరిదే, అదీ జేబులో డబ్బులున్నంతసేపు. ఆదివారం కిక్కిరిసే చర్చి హాళ్లకు సోమవారం నుంచి శనివారం దాకా తాళం. గుడి మండపాలకు మధ్యాహ్నం తాళం. కాలనీ సంఘాల కమ్యూనిటీ హాళ్లకు పెళ్లి బుకింగ్ లేకపోతే తాళం. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ పన్నుతోనో, తాళం వేసి ఉన్న ఆ హాళ్లలోనో, చౌరస్తా నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక గది తెరవాలి. ఫ్యాను, తాగే నీళ్లు, తెలుగు హిందీ ఒడియా పేపర్లు, ఒక క్యారమ్ బోర్డు చాలు. లోపలికొచ్చినవాణ్ని ఏ షిఫ్టని అడగకూడదు. మా చర్చి కమిటీలో ఈ మాట పెట్టాను. పని లేనివాళ్లంతా చేరితే పోరంబోకుల అడ్డా అవుతుందని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. రాత్రి షిఫ్టు దిగిన మా ఆపరేటర్ అన్న, రోజూ ఏడింటికి వచ్చి తలుపు తీసి, మొదటి గంట తానే కూర్చుంటానని నాతో అన్నాడు. ఆయన మా మతంవాడు కాడని కమిటీకి ఇంకో అభ్యంతరం ఉంటుందని నాకు తెలుసు. వచ్చే నెల మీటింగులో ఆ రెండు అభ్యంతరాలకూ జవాబు చెప్పడానికి పోతున్నాను.